పాదాంశిక క్రమం: కోనసీమ భోజన చరిత్ర బోధించే మితాహార ధర్మం

ధర్మసాధనలన్నిటికీ శరీరమే ప్రథమ సాధనమని మన పూర్వుల నిర్ణయం. పద్మాసనంలో అర్ధఘటిక నిలువలేని మోకాళ్ళు, మూడు ప్రదక్షిణలకే ఎగసే శ్వాస, ప్రాణాయామానికి అడ్డుపడే ఉదరభారం నేడు ఎందరో సాధకులకు నిత్యానుభవాలు. వైద్యుడు బరువు తగ్గమంటాడు. సాధకుడు వెంటనే ఒక కఠిన సంకల్పం చేస్తాడు. ఏకాదశినాడు నిర్జలంగా ఉంటాడు, ద్వాదశినాడు నిన్నటి ఆకలిని కూడా కలిపి భుజిస్తాడు. మాసాంతానికి శరీరభారం యథాతథంగా ఉంటుంది, మనస్సుకు మాత్రం తాను వ్రతభ్రష్టుడననే దైన్యం అదనంగా చేరుతుంది. ఈ దైన్యం అనవసరమైనది. మేదస్సు ఎట్లా చేరుతుందో, ఎట్లా కరుగుతుందో శాస్త్రం చెప్పిన మార్గం వేరు. ఆ మార్గాన్ని గ్రంథంలో చదవడంతోపాటు, ఒక ప్రాంతపు భోజన చరిత్రలో ప్రత్యక్షంగా చూడవచ్చును.

ఆ ప్రాంతం కోనసీమ. గౌతమీ గోదావరి సాగరాన్ని చేరే అంచున ఉన్నది కాట్రేనికోన. ఒక వైపు వరిచేలు, మరొక వైపు కొబ్బరితోటలు, దక్షిణాన సముద్రం, చెంతనే కుండలేశ్వర స్వామి క్షేత్రం. అన్నానికి లోటులేని సీమ అని ఈ నేలకు పేరు. అయితే ఆ సమృద్ధి అనాది కాదు. అది వచ్చిన విధానం తెలిస్తే, నేటి మేదోవృద్ధికి కారణమూ తెలుస్తుంది, నివారణమూ తెలుస్తుంది.

శాస్త్రదృష్టిలో స్థౌల్యం

ముందుగా శాస్త్రాన్ని పరిశీలిద్దాం. చరకసంహిత సూత్రస్థానంలోని ఇరువదియొకటవ అధ్యాయం ఎనిమిది విధాల శరీరాలను నిందితాలుగా పేర్కొన్నది. వానిలో అతిస్థూలుడు, అతికృశుడు ఇద్దరికీ విశేష స్థానం ఉన్నది. మిక్కిలి లావు ఎంత దోషమో, మిక్కిలి సన్నదనమూ అంత దోషమేనని ఆ మహర్షి భావం. ఇద్దరిలో స్థూలునికి చికిత్స కష్టతరమని కూడా ఆయన స్పష్టంగా చెప్పాడు. ఆయువు తగ్గడం, చురుకుదనం నశించడం, దౌర్బల్యం, దుర్గంధం, అధిక స్వేదం, అతిక్షుధ, అతితృష్ణ మొదలైన ఎనిమిది దోషాలు స్థూలునికి కలుగుతాయని వివరించాడు.

ఇక్కడ గమనింపదగినది కారణ నిరూపణం. గురువు, మధురం, శీతం, స్నిగ్ధం అయిన ఆహారాన్ని అధికంగా సేవించడం, వ్యాయామం లేకపోవడం, పగటినిద్ర, చింత లేని జీవనం, వీటితోపాటు బీజస్వభావం అనగా వంశలక్షణం కారణాలని చరకుడు లెక్కించాడు. స్థూలుని ప్రతివానినీ తిండిపోతుగా నిందించే లోకరీతికి ఈ చివరి మాట చక్కని సమాధానం. మేదస్సు స్రోతస్సులను ఆవరించగా, కోష్ఠంలో చిక్కిన వాయువు జఠరాగ్నిని రగిలిస్తుందనీ, అందువల్ల స్థూలునికి ఆకలి మరింత హెచ్చుతుందనీ ఆయన వివరణ. అనగా ఆకలి స్థౌల్యానికి కారణమే కాక ఫలం కూడా. మేదోధాతువు నిశ్చేష్టమైన నిల్వ కాదనీ, ఆకలిని శాసించే స్రావాలను అది స్వయంగా విడుదల చేస్తుందనీ ఆధునిక శరీరశాస్త్రం 1994లో లెప్టిన్ ఆవిష్కరణతో గుర్తించింది. పరిభాష వేరైనా, ఆకలికీ మేదస్సుకూ మధ్య ఒక చక్రం తిరుగుతున్నదనే గ్రహింపు రెండింటిలోనూ ఉన్నది.

చికిత్స విషయంలో ఒక సూక్ష్మమున్నది. స్థూలునికి గురువైనదీ అపతర్పణమైనదీ అగు ఆహారం ఇవ్వాలని శాస్త్రం. అనగా కడుపులో నిలిచి తృప్తినివ్వాలి, కాని శరీరాన్ని పెంచరాదు. యవలు, పెసలు, ఉలవలు, శ్యామాకం, కోద్రవం (మనం ఊదలు, అరికలు అంటాము), మజ్జిగ ఈ కోవకు చెందినవిగా చెప్పబడ్డాయి. ఆకలితో మాడమని ఎక్కడా చెప్పలేదు. లంఘనంలో పది విధాలను చెబుతూ ఉపవాసాన్ని వానిలో ఒకటిగా మాత్రమే లెక్కించాడు, వ్యాయామం కూడా ఆ పదింటిలోనిదే. జాగరణ, వ్యాయామం, చింతనం మొదలైనవాటిని కూడా క్రమక్రమంగానే పెంచుకోవాలని ఆదేశించాడు.

ఈ ‘క్రమం’ అనే మాటకు సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో వివరణ లభిస్తుంది. చిరకాలంగా అలవాటైన అహితాన్ని ఒక్కమారుగా విడువరాదు. దానిలో నాలుగవ పాదాన్ని విడిచి, ఆ స్థానంలో హితమైనదానిని పాదమాత్రం చేర్చి, కొద్ది దినాల వ్యవధితో తరువాతి పాదానికి సాగాలి. దీనికి పాదాంశిక క్రమమని పేరు. క్రమంగా విడిచిన దోషం తిరిగి రాదనీ, క్రమంగా అలవడిన గుణం చలించదనీ ఆయన అభయం. మన వ్యాసానికి ఇదే కేంద్రం. దీనిని మనస్సులో నిలుపుకొని కోనసీమ చరిత్రలోకి వెళదాం.

ఆనకట్టకు పూర్వం, అనంతరం

1833 ప్రాంతంలో తెలుగునాట వచ్చిన ఘోర క్షామం గోదావరి మండలాన్ని కూడా పీడించింది. నది నిండుగా ప్రవహిస్తున్నా, ఆ నీరు చేలకు ఎక్కక సముద్రం పాలయ్యేది. ఒక ఏడు వరద, మరొక ఏడు వర్షాభావం. 1839 నవంబరులో వచ్చిన సముద్రపు ఉప్పెన గౌతమీ ముఖద్వారానికి చేరువనున్న కోరంగి రేవును ముంచివేసింది. అటువంటి కాలంలో సామాన్య గృహస్థుని భోజనం ఋతువును బట్టి, పంటను బట్టి మారేది. వరి ఉన్నప్పుడు వరి, లేనప్పుడు చోడి అంబలి, గంటి, జొన్న. వేసవి ఉదయాలలో తరవాణి, చద్దన్నం. నెయ్యి, బెల్లం, పిండివంటలు పండుగలకు పరిమితం. మితం అప్పుడు వ్రతం కాదు, నిర్బంధం.

1847లో ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం ఆరంభమై 1852లో పూర్తయింది. కాలువలు లంకల మీదుగా సముద్రతీరం దాకా ప్రాకాయి. కరువుసీమ ధాన్యాగారమైంది. గోదావరి తీరాన స్నానసంకల్పంలో ఆ ఆంగ్లేయుని పేరు కూడా స్మరించిన విప్రులు ఉండేవారని ప్రసిద్ధి. ప్రాణదాత పట్ల ఈ సీమకు గల కృతజ్ఞతకు అది నిదర్శనం, అది ఉచితం కూడా. అయితే అన్నం స్థిరమైనప్పుడు అన్నంలోని వైవిధ్యం క్షీణించింది. చోడి, గంటి పేదవాని తిండి అనే భావం బలపడి, మూడు పూటలా వరి అన్నం గౌరవ చిహ్నమైంది.

కరువు జ్ఞాపకం మాత్రం మనస్సులలో మిగిలింది. అతిథికి, బిడ్డకు, అల్లునికి ‘ఇంకొక్క ముద్ద’ అని మారువడ్డన చేసే కోనసీమ ఇల్లాలి ఆప్యాయతలో ఆ జ్ఞాపకమే పనిచేస్తున్నది. 1996 నవంబరు 6న వచ్చిన తుఫాను ఈ తీరపు కొబ్బరితోటలను నేలకూల్చినప్పుడు, ‘ఉన్నప్పుడే తినాలి’ అనే పాత భయానికి మళ్ళీ ప్రాణం వచ్చింది. కావున మారువడ్డనను కేవలం మూఢత్వమని తోసిపుచ్చరాదు. అది లేమిని ఎరిగిన ప్రేమ. అయితే లేమి కాలపు ప్రేమభాష కలిమి కాలంలో అదే అర్థాన్ని ఇవ్వదు.

రోకలి పోయి మర వచ్చింది

రెండవ మార్పు ఇంకా నిశ్శబ్దంగా జరిగింది. పూర్వం వడ్లను ఇంటిలో రోకలితో దంచేవారు. దంపుడు బియ్యం మీద తౌడు పొర కొంత మిగిలేది. ఇరువదవ శతాబ్ది ముందుకు సాగేకొద్దీ మరలు డెల్టా అంతటా వ్యాపించాయి. తెల్లని సన్నబియ్యం విస్తరిలోకి వచ్చింది, తౌడు పశువుల తొట్టిలోకి వెళ్ళింది. దంపుళ్ళతో స్త్రీలు పడిన శ్రమ తగ్గడం గొప్ప మేలు. దానిని కాదనరాదు. అయినా ఆ బియ్యంతోపాటు పీచుపదార్థం, బి1 విటమిను, ఇతర సూక్ష్మపోషకాలు ఇల్లు విడిచి వెళ్ళాయి.

దీని పర్యవసానం చరిత్రలో నమోదై ఉన్నది. ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి వ్యాధి ప్రబలంగా ఉండేది. మాల్కమ్‌సన్ అనే వైద్యుడు దానిపై 1835లోనే మద్రాసులో ఒక గ్రంథం ప్రకటించాడు. ఆనాటికి మరలు లేవు, కారణమూ తెలియదు. 1890లలో జావాలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు తెల్లబియ్యం తిన్న కోళ్ళకు నరాల వ్యాధి రావడం, తౌడుతో అది నయం కావడం గమనించాడు. తరువాత కూనూరులోని పోషకాహార పరిశోధనశాలలో మెకారిసన్, ఆయ్‌క్రాయిడ్ ప్రభృతులు దక్షిణ భారతపు బియ్యాన్ని పరీక్షించి, పచ్చిబియ్యాన్ని మరపట్టి తినే తీరాంధ్ర ప్రజలకు ఈ ప్రమాదం అధికమని తేల్చారు. ఆ పరిశోధనశాలయే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి నేటి జాతీయ పోషకాహార సంస్థ అయింది.

బెరిబెరి నేడు దాదాపు అదృశ్యమైంది. దాని స్థానంలో మధుమేహం, రక్తపోటు, ఉదరస్థౌల్యం వచ్చాయి. రెండు కథలలోనూ పాత్ర ఒక్కటే, తౌడు లేని తెల్లని అన్నం విస్తరి నిండా ఉండడం. తేడా ఏమనగా ఆనాటి మనిషి పొలంలో, పడవలో, కొబ్బరిచెట్టు మీద శరీరాన్ని కరిగించేవాడు. నేడు కాలువగట్టున కాలినడక పోయి ద్విచక్రవాహనం వచ్చింది. వరికోతకు యంత్రం వచ్చింది. విస్తరి మాత్రం అదే, పైగా ఉదయం ఇడ్లీలు, దోసెలు, సాయంత్రం బజ్జీలు చేరాయి. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో, సుమారు 1,80,000 మంది జనాభాలో 2003-04 కాలపు మరణ కారణాలను పరిశోధకులు పరిశీలించారు. 32 శాతం మరణాలకు గుండె, రక్తనాళాల వ్యాధులే హేతువని తేలింది. అది నగరాల లెక్క కాదు, పచ్చని పల్లెల లెక్క. మనం కరిగించదలచిన మేదస్సు సౌందర్య సమస్య కాదని, ప్రాణ సమస్య అని ఈ సంఖ్య గుర్తు చేస్తున్నది.

సమృద్ధిలో పూర్వులు కట్టిన గట్లు

అయితే సమృద్ధి వచ్చిన మరుక్షణమే శరీరాలు స్థూలించలేదు. నదికి గట్లు ఉన్నట్లే, అన్నప్రవాహానికి ఆచారాలు గట్లుగా నిలిచాయి. వానిని ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటి గట్టు దానం. గృహస్థుడు దేవతలకు, పితరులకు, అతిథులకు, భూతాలకు భాగమిచ్చిన తరువాతనే భుజించాలని పంచమహాయజ్ఞ విధి. తనకొరకే వండుకొనేవాడు పాపమునే భుజిస్తాడని గీత తృతీయాధ్యాయం హెచ్చరించింది. ఈ ధర్మానికి కోనసీమలో మూర్తిరూపం డొక్కా సీతమ్మ గారు. లంకల గన్నవరంలో వేళకాని వేళ వచ్చిన బాటసారికి సైతం వండి వడ్డించిన ఆ తల్లి (1841–1909) అపరాన్నపూర్ణగా కీర్తింపబడింది. నేడు రాష్ట్రంలోని పాఠశాలల మధ్యాహ్న భోజన పథకం ఆమె పేరు ధరించింది. సమృద్ధిని ఒక్క ఉదరంలో నిల్వ చేయక, పది ఉదరాలకు పంచడమే ఆమె జీవిత సందేశం. అన్నం పంచబడినచోట రోగం కాదు, నిల్వ ఉన్నచోటనే రోగం.

రెండవ గట్టు భోజన విధి. కాళ్ళుచేతులు కడిగి, కూర్చుండి, పరిషేచనం చేసి, ఆపోశనం పట్టి, మౌనంగా తినాలి. చివర ఉత్తరాపోశనంతో లేవాలి. ఆ తరువాత మళ్ళీ నోట ముద్ద పెట్టరాదు. ఈ విధిలో ఆధ్యాత్మిక ప్రయోజనం ప్రధానం. అనుషంగికంగా, ఆహారానికి ఆరంభం, అంతం స్పష్టంగా ఏర్పడుతున్నాయి. నెమ్మదిగా తినేవానికి తృప్తి ముందుగా తెలుస్తుంది. చరకుడు విమానస్థానంలో, పూర్వాహారం జీర్ణమైన పిమ్మట, మితంగా, అతిశీఘ్రంగా కాక, మాటలు నవ్వులు లేక, తన్మనస్కుడై భుజించాలని విధించాడు. దూరదర్శిని ముందు, చరవాణి చేతబట్టి తినే నేటి భోజనం ఈ ఆదేశాలన్నిటికీ విరుద్ధమైనది.

మూడవ గట్టు పరిమాణం. ఉదరంలో రెండు భాగాలు అన్నంతో, ఒక భాగం ద్రవంతో నింపి, నాలుగవ భాగాన్ని వాయుసంచారానికి విడువాలని అష్టాంగహృదయ సంప్రదాయం. హఠయోగ గ్రంథాలు ఆ నాలుగవ పాదం విడిచి భుజించడాన్నే శివప్రీతికరమైన మితాహారమని చెప్పాయి. ఇక్కడ కూడా ‘పాదం’ అనే కొలతయే కనిపించడం గమనార్హం.

నాలుగవ గట్టు కాలం. కార్తిక సోమవారాలలో నక్తవ్రతం, చాతుర్మాస్యంలో మాసానికొకటిగా శాకం, పెరుగు, పాలు, ద్విదళాలు విడవడం, పక్షానికొక ఏకాదశి. ఏడాది పొడవునా ఒకే ఆహారాన్ని ఒకే మోతాదులో తినకుండా ఇవి నిలువరించేవి. అంతర్వేదిలో భీష్మైకాదశినాడు శ్రీలక్ష్మీనృసింహుని రథం లాగే వేలాదిమంది ఉపవాసంతో ఆ శ్రమ చేసేవారు. శ్రమ, సంయమం అక్కడ ఒక్కటిగా ముడిపడ్డాయి.

‘ఫలహారం’ అనే మాట ప్రయాణం

గట్లు ఎట్లా తెగాయో ఒక్క మాట చరిత్ర చెబుతుంది. ఫలాహారం అనగా పండ్లను ఆహరించడం. వ్రతదినాన వండిన అన్నం విడిచి ఫలాలు, క్షీరం మాత్రమే గ్రహించేవారు. వ్యవహారంలో ఆ మాట ‘ఫలహారం’, ‘పలారం’ అయింది. కాలక్రమంలో దాని అర్థం ‘అన్నం కానిది’ అని మారింది. నేడు మన ఇళ్ళలో శనివారం రాత్రి ‘ఫలహారం చేశాను’ అంటే ఉప్మా, పెసరట్టు, పూరీ అని అర్థం. ఒక గరిటె అన్నం విడిచి, నూనెలో వేగిన నాలుగు పూరీలు తిన్నవాడు వ్రతం చెడలేదనుకొంటాడు. పేరు నిలిచింది, గట్టు కొట్టుకొనిపోయింది.

ఉపవాసం విషయమూ అంతే. ‘ఉప’ అనగా సమీపం, ‘వాసం’ అనగా ఉండడం. భగవత్సన్నిధిలో ఉండడం దాని పరమార్థం. ఆకలి గుర్తుకు రాకుండా మనస్సు నామస్మరణలో ఉండాలనే ఉద్దేశ్యంతో ఆహారం తగ్గించబడింది. దానిని కేవలం బరువు తగ్గే ఉపాయంగా వాడితే ఉభయభ్రష్టత్వం. రోజంతా గడియారం చూస్తూ, రేపటి పారణలో ఏమి వండాలో ఆలోచించేవాడు దైవసన్నిధిలో లేడు, వంటశాల సన్నిధిలో ఉన్నాడు.

అత్యంత నిరాహారం ఎవరికి?

ఇక్కడ ఒక సందేహం రావచ్చును. కాట్రేనికోనకు పొరుగుననే ఉన్న ముమ్మిడివరంలో బాలయోగీశ్వరులు దశాబ్దాల పాటు అన్నపానాలు లేక తపస్సులో ఉన్నారని భక్తుల విశ్వాసం. మహాశివరాత్రినాడు మాత్రమే ఇచ్చే వారి దర్శనానికి లక్షలాదిగా జనం తరలివచ్చేవారు. 1985లో వారు సిద్ధి పొందారు. అట్టి మహనీయులను చూచిన నేలపై, ఎంత తక్కువ తింటే అంత ఆధ్యాత్మికత అనే భావం కలగడం సహజం.

మహాయోగుల స్థితి సాధారణ సాధకునికి కొలబద్ద కాజాలదు. అతిగా తినేవానికీ యోగం లేదు, బొత్తిగా తిననివానికీ యోగం లేదని భగవానుడు షష్ఠాధ్యాయంలో సుస్పష్టంగా చెప్పాడు. శాస్త్రం విధించని ఘోర తపస్సుతో శరీరస్థ భూతగ్రామాన్ని, అందులో అంతర్యామిగా ఉన్న తననూ కృశింపజేసేవారిని సప్తదశాధ్యాయంలో ఆసురనిశ్చయులన్నాడు. ఆ యోగి నిరాహారాన్ని మనం దర్శించి నమస్కరించాలి. మన విస్తరికి వర్తించే ఆజ్ఞ మాత్రం యుక్తాహారమే.

అతినిరాహారం ఫలమేమిటో లౌకిక విజ్ఞానం కూడా పరీక్షించింది. ద్వితీయ ప్రపంచయుద్ధపు చివర, 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు, వారి అంగీకారంతో, సుమారు ఆరు నెలలు సగం ఆహారమే ఇచ్చాడు. యుద్ధక్షామ పీడితులను తిరిగి ఎట్లా పోషించాలో తెలుసుకోవడం ఆయన ఉద్దేశ్యం. ఆ యువకుల శరీరాలు శక్తివ్యయాన్ని తగ్గించుకొన్నాయి, కండరం కూడా కరిగిపోయింది. మనస్సు నిరంతరం ఆహారాన్నే ధ్యానించింది, కోపం, విషాదం పెరిగాయి. నిర్బంధం తొలగగానే పలువురు అపరిమితంగా తిన్నారు. ఏకాదశి కాఠిన్యం, ద్వాదశి విందు అనే మన కథ ఇదే. సంకల్పబలం తక్కువని సాధకుడు తనను నిందించుకొంటున్నాడు, నిజానికి శరీరం తన రక్షణధర్మాన్ని పాటిస్తున్నది.

పునరుద్ధరణ ప్రయత్నాలు

గట్లు తెగినప్పుడు వాటిని తిరిగి కట్టే ప్రయత్నాలు కూడా తెలుగునాటనే జరిగాయి. జర్మనీలోని లైప్‌జిగ్‌కు చెందిన లూయీ కూనే ప్రకృతిచికిత్సా గ్రంథం 1894లోనే ద్రోణంరాజు వెంకటచలపతి శర్మ గారి చేత తెలుగులోకి వచ్చింది. భారతీయ భాషలలో ఈ మార్గానికి తొలి ద్వారం తెరిచిన ఖ్యాతి మన భాషకే దక్కింది. అనంతరం భీమవరంలో వేగిరాజు కృష్ణంరాజు గారు, మన కాలంలో కృష్ణాతీరాన మంతెన సత్యనారాయణ రాజు గారు ఆ మార్గాన్ని ప్రచారం చేశారు. 2017-18 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారు ప్రచారం చేసిన పద్ధతి పిండిపదార్థాన్ని దాదాపు విడిచి కొబ్బరినూనె వంటి స్నేహపదార్థాలను ఆశ్రయించమన్నది. దానితో కోనసీమ కొబ్బరి ఊరూరా చర్చకు వచ్చింది. ఖాదర్ వలీ గారు చిరుధాన్యాలను మళ్ళీ విస్తరిలోకి పిలిచారు. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరంగా పాటించింది.

ఈ మార్గాలు పరస్పరం విభేదిస్తాయి. ఒకరు నూనె వద్దంటారు, మరొకరు నూనెయే ముఖ్యమంటారు. సాధకుడు ఏది పట్టుకోవాలి? వీటిలో సామాన్యాంశం ఒకటి ఉన్నది. మరపట్టిన తెల్లని అన్నం, మైదా, పంచదార, వేపుడు చిరుతిండ్లు తగ్గించడంలో అందరూ ఏకీభవిస్తారు. తీసుకొన్న శక్తి కంటే వ్యయమైన శక్తి అధికమైతేనే మేదస్సు కరుగుతుందనే నియమాన్ని ఏ పద్ధతీ దాటలేదు. తేడా వచ్చేది నిలకడలో. నలభై దినాల దీక్షగా పట్టినది నలభై ఒకటవనాడు విడిపోతే, మేదస్సు తన ఇంటికి తానే తిరిగివస్తుంది. జీవితాంతం ఆచరింపదగినదే మార్గం.

పాదాంశిక క్రమం నేటి విస్తరిలో

ఆరోగ్యకరమైన మేదోహరణం వారానికి అర కిలో, మహా అయితే ఒక కిలో మించరాదని వైద్యుల సామాన్యాభిప్రాయం. నడుము చుట్టుకొలత పురుషులలో 90 సెంటీమీటర్లు, స్త్రీలలో 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త వహించాలని భారతీయులకు నిర్ణయించిన ప్రమాణం. సన్నగా కనిపించేవారిలోనూ ఉదరమేదస్సు దాగి ఉండడం మన జాతి లక్షణమని పరిశోధకులు గుర్తించారు. కావున తూనికతోపాటు కొలత్రాడును కూడా ప్రమాణంగా గ్రహించాలి.

ఇప్పుడు చరకుని క్రమాన్ని కోనసీమ విస్తరికి అన్వయిద్దాం. మొదటి దశలో అన్నంలో నాలుగవ పాదం తీసి, ఆ స్థలాన్ని పప్పు, ఆకుకూర, కాయగూరలతో నింపాలి. కందబచ్చలి, తోటకూర, అరటిదూట, పొట్లకాయ మన పెరటి సంపదలే. కడుపు నిండుతుంది, శరీరం పెరగదు, గురువైన అపతర్పణమంటే ఇదే. ఒకటి రెండు వారాలలో అది అలవాటైన తరువాత, మిగిలిన తెల్లని అన్నంలో ఒక పాదం దంపుడు బియ్యానికో, ఊదలు, కొర్రలకో మార్చాలి. ఆ తరువాత రాత్రి భోజనాన్ని ఒక పాదం తగ్గించి, సూర్యాస్తమయానికి చేరువగా జరపాలి. చివరగా సాయంత్రపు వేపుడు స్థానంలో మజ్జిగ, ఒక పండు, ఉడికిన శనగలు లేదా పెసలు. ప్రతి దశలోనూ పూర్వదశ స్థిరపడిన పిమ్మటనే ముందడుగు.

కొబ్బరిని గూర్చి ఒక మాట. ఒకే వృక్షం మనకు మూడు కొలతలను ఇచ్చింది. లేత బొండాం నీటిలో శక్తి స్వల్పం. తాజా కొబ్బరి నూరు గ్రాములలో సుమారు 350 కిలోకేలరీలు. ఒక పెద్ద చెంచా కొబ్బరినూనెలో సుమారు 120 కిలోకేలరీలు. కొబ్బరి పవిత్రం, హితం కూడా. అయితే కొబ్బరి పచ్చడిలో, కూరలో, లౌజులో, నూనెలో ఒకే దినాన అన్ని రూపాలలోనూ సేవిస్తే పవిత్రత కొలతను మార్చదు. ఆత్రేయపురం పూతరేకులు ప్రసాదమంత స్వీకరిస్తే ఆనందం, విందుగా స్వీకరిస్తే భారం. దేవాలయంలో ప్రసాదం అరచేతిలో పట్టేంతే ఇచ్చే ఆచారంలో గొప్ప పాఠం ఉన్నది.

ఆహారంతోపాటు నడక. ప్రాతఃకాలంలో అరగంట నడకను నామజపంతో జోడించవచ్చును. నడక కండరాన్ని కాపాడుతుంది. పప్పులు, పాలు, పెరుగు ద్వారా తగిన మాంసకృత్తులు లభించాలి, లేకుంటే కరిగేది మేదస్సు కాక బలం అవుతుంది. నిద్ర లోపించినవానికి ఆకలి హెచ్చుతుంది, కావున యుక్తనిద్ర కూడా ఈ సాధనలో అంగమే. మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ తీసుకొనేవారు, గర్భిణులు, బాలింతలు, వృద్ధులు, మూత్రపిండ వ్యాధిగ్రస్తులు వైద్యుని సలహా లేనిదే ఉపవాసం చేయరాదు. శాస్త్రం కూడా ఆతురులకు, బాలురకు, వృద్ధులకు వ్రతంలో మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపును స్వీకరించడం భక్తిలోపం కాదు.

ఉపసంహారం

అన్నాన్ని నిందింపరాదని తైత్తిరీయం ఆదేశం. స్థౌల్యానికి అన్నం కారణమని దానిని శత్రువుగా చూడడం ఆ ఆదేశానికి విరుద్ధం. కరువును దాటించినది అన్నమే, సీతమ్మ గారి చేతిలో భగవత్స్వరూపమైనదీ అన్నమే. లోపించినది గట్టు. గోదావరిని నిందించి ఎవరూ డెల్టాను నిర్మించలేదు. ప్రవాహాన్ని కొలిచి, కాలువకు ఎంత, చేనుకు ఎంత, సముద్రానికి ఎంత అని నిర్ణయించినప్పుడే వరద వరమైంది. విస్తరి ముందు కూర్చున్న ప్రతి సాధకునికీ ఆ పనియే ఉన్నది.

నేటి మధ్యాహ్నం భోజనంలో ఒక్క పాదం అన్నం తగ్గించి చూడండి. ఆ పాదాన్ని మరొకరి ఆకలికి సమర్పించగలిగితే అది మేదోహరణమూ, యజ్ఞమూ రెండూ అవుతుంది. నియమం తప్పిన దినాన దుఃఖించక, మరునాటి భోజనంలో మళ్ళీ ఆ పాదం దగ్గరనే ఆరంభించండి. అన్నమయ కోశం తేలికపడితే ప్రాణమయ, మనోమయ కోశాలకు దారి సుగమమవుతుంది. సాధకుడు కోరదగిన బరువు తగ్గడం అదే.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు. స్వస్తి.